పండగని కోల్డ్ స్టోరేజీలో పెట్టలేం

భోగి ఇంకా మూడు రోజులుందనగా, రాత్రి తొమ్మిదింటప్పుడు మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "నాన్నా, రేపు రాత్రి బస్సుకి రెండు సీట్లున్నాయి. ఒక్కోటి పద్నాలుగొందల ఎనభై. తీసేయనా?" అంది. మామూలు రోజుల్లో అదే బస్సు, అదే సీటు రూ.640. పండగ కదా, తీసేయమన్నాను. తన రూమ్మేటుది తెనాలి దగ్గర పల్లె. విజయవాడ దాకా కలిసి వస్తే ఇక్కణ్ణుంచి రైలెక్కి వెళ్ళిపోతుంది. ఆ అమ్మాయిని అడిగి ఇద్దరికీ కలిపి తీస్తానని ఫోన్ పెట్టేసింది. పది నిమిషాలకి మళ్ళీ మోగింది. "రెండువేల మూడొందల యాభై అయిపోయింది నాన్నా. నేను చూస్తుండగానే మారిపోయింది."

నేను డబ్బు పంపాను, మా అమ్మాయి వచ్చింది. ఆ రెండో అమ్మాయి రాలేదు. వాళ్ళ నాన్న కౌలు రైతు. "వద్దులెండి అంకుల్, పరీక్షలున్నాయి, ఇక్కడే చదువుకుంటాను" అని నాతో ఫోన్లో అంది. పరీక్షలేం లేవని మా అమ్మాయి ఇంటికొచ్చాక చెప్పింది. ఆ పిల్ల దసరాకి కూడా ఇంటికి వెళ్ళలేదట.

అప్పట్నుంచి ఈ సంగతి నన్ను వదల్లేదు. ఆ పది నిమిషాల్లో డీజిల్ రేటు పెరగలేదు. హైదరాబాద్ నుంచి విజయవాడకి దారి పొడవు పెరగలేదు. డ్రైవర్‌కి బత్తా పెంచలేదు. పెరిగింది ఒక్కటే, ఆ సీటు కోసం ఫోన్లు పట్టుకుని చూస్తున్నవాళ్ళ ఆత్రం. ఆ ఆత్రాన్ని లెక్కగట్టి రూ.870 అదనంగా వేశారు. ఇది న్యాయమా అని మా ఆఫీసులో అడిగితే, "డిమాండు ఉంటే రేటు పెరగదా ఏంటి, నువ్వు లెక్కలు రాసేవాడివి, నీకు తెలీదా" అన్నారు. తెలుసు. తెలుసు కాబట్టే రాస్తున్నాను.

నేను ఆటోనగర్‌లో లారీ ఓనర్ల దగ్గర లెక్కలు రాస్తాను. అంతకుముందు ఆరేళ్ళు ఒక ట్రావెల్స్ బుకింగ్ కౌంటర్లో కూర్చున్నాను. రేటు రోజుకో రకంగా ఉండటం నాకు కొత్త కాదు, తప్పు అని కూడా అనను. మా లారీల లెక్కలన్నీ దానిమీదే నడుస్తాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరులో మిర్చి సీజను. బండ్లు దొరకవు, కిరాయి పెరుగుతుంది. వానాకాలంలో అదే దూరానికి కిరాయి పడిపోతుంది. చెన్నైలో సరుకు దించిన బండికి రిటర్న్ లోడు దొరికితే సగం కిరాయికైనా ఎత్తుకుంటారు, ఖాళీగా రావడం కంటే డీజిల్ ఖర్చులైనా వస్తాయని. అందులో మోసం లేదు. బండి వైపు లెక్క, సరుకు వైపు లెక్క రెండూ ఇద్దరికీ తెలుసు.

గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్ళకి ఇంకా బాగా అర్థమవుతుంది. తెల్లారేసరికి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసగా పేర్చి ఉంటాయి. కొనేవాడు వస్తాడు, టిక్కీ లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. ఒకటి విరిచి రంగు చూస్తాడు, తొడిమ దగ్గర నొక్కి తేమ చూస్తాడు. చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలమనాలి. అప్పుడు రేటు చెప్తాడు. నిన్న ఒక రేటు, ఇవాళ ఇంకో రేటు. రైతుకి నచ్చకపోతే "ఏసీలో పెట్టేస్తాలే" అంటాడు. గుంటూరోళ్ళు కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు. అప్పులవాడు మెడమీద కూర్చుంటే ఆ మాట అనలేడు, నిజమే. కానీ అనగలిగిన రోజున ఆ ఒక్క మాటే రైతుకి బలం. ఆగగలిగినవాడు బేరం ఆడగలడు.

మా అమ్మాయి రూమ్మేటుకి ఆగే వీలు లేదు. సంక్రాంతిని ఏసీలో పెట్టి మార్చిలో తీసుకోవడం కుదరదు కదా.

నిజానికి బస్సు యజమాని కూడా ఆగలేడు. రాత్రి పదకొండుకి బయల్దేరిన బస్సులో ఖాళీగా ఉన్న సీటు ఆ క్షణంలోనే పాడైపోయిన సరుకు. మర్నాడు అమ్ముకోవడానికి మిగలదు. కౌంటర్లో ఉన్నప్పుడు మా ఓనరు ఆషాఢంలో చార్టు చూసి తల పట్టుకునేవాడు. పెళ్ళిళ్ళు ఉండవు, మూఢం వస్తే అసలే ఉండదు, నలభై సీట్ల బస్సులో పద్నాలుగు మంది. బస్సు ఆపేద్దామంటే పొద్దున్న అటునుంచి రావలసినవాళ్ళ సంగతేంటి? అందుకే బస్సు ఖాళీగా అయినా వెళ్ళేది. అలాంటి రోజుల్లో వంద తగ్గించి అమ్మితే ఎవరూ అన్యాయం అనరు. చివరి గంటలో తగ్గింపు రేటుకి సీటు దొరికిన విద్యార్థికి అది పండగే. రేటు మారకూడదు అనేవాళ్ళు ఈ వైపు మర్చిపోతారు. అన్ని రోజులూ ఒకే ఛార్జీ ఉంచితే ఆషాఢంలో సీట్లు ఖాళీగా పోతాయి, సంక్రాంతికి మనుషులు మిగిలిపోతారు.

రెండేళ్ళ క్రితం భోగి ముందురోజు రాత్రి, దగ్గర బంధువు పోయారని కబురొస్తే, నేను విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళాను. అందరూ ఇటు వచ్చే రాత్రి నేను అటు వెళ్తున్నాను. ఏసీ బస్సు, టికెట్టు రూ.399. బస్సులో నాతో కలిపి ఐదుగురం. క్లీనర్ కుర్రాడు వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ దాటుతుంటే అటువైపు, అంటే విజయవాడ వచ్చేవైపు, లైట్లు కనుచూపు మేర బారులు తీరి ఉన్నాయి. కార్లు, బస్సులు, పైన సామాను కట్టిన వ్యాన్లు. మావైపు రోడ్డు ఖాళీ. డ్రైవరన్నని అడిగాను, ఇంత ఖాళీగా ఎందుకు వెళ్తున్నామని. "తెల్లారి మళ్ళీ జనాన్ని ఎక్కించుకుని రావాలి కదండీ. బండి అక్కడుండాలిగా" అన్నాడు.

పండగ బస్సు ఖర్చంతా ఆ మాటలో ఉంది. ఒకవైపు నిండుగా వచ్చినా ఇంకోవైపు ఖాళీగా పోవాలి. అప్పుడు అదనంగా ఎంత తీసుకుంటే న్యాయం? కూర్చుని లెక్కేశాను. అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి, కానీ నేలవిడిచి సాము చేసినవి కావు. హైదరాబాద్ వెళ్ళి రావడానికి 550 కిలోమీటర్లు. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బస్సుకి డీజిలే 13 వేల పైన. టోల్, ఇద్దరు డ్రైవర్లు, క్లీనరు, ట్యాక్సు, ఇన్సూరెన్సు, ఫైనాన్స్ కంపెనీ వాయిదా అన్నీ కలిపి ఒక ట్రిప్పుకి 30 వేలు అనుకుందాం. 36 సీట్ల బస్సు. మామూలు రోజు అటు 25 మంది, ఇటు 25 మంది, తలా 600. సరిగ్గా 30 వేలు. గిట్టుబాటు.

ఇప్పుడు సంక్రాంతి. ఇటు 36 మంది నిండుగా, అటు నలుగురు. 600 చొప్పునే తీసుకుంటే వచ్చేది 24 వేలు. అంటే బస్సు కిక్కిరిసి వచ్చిన రోజే యజమానికి ఆరు వేలు నష్టం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ నిజం. నిండుగా వచ్చేవాళ్ళ దగ్గర సగం ఎక్కువ, అంటే 900 తీసుకుంటే మొత్తం 34,800. నష్టం పోయి కాస్త మిగిలింది కూడా. అదే సగటున 1,600 తీసుకుంటే? సరిగ్గా 60 వేలు. ఖర్చుకి రెండింతలు. మా అమ్మాయి కట్టిన 2,350 సంగతి నేను అసలు లెక్కలోకి తీసుకోలేదు, చివర్లో కొన్నవాళ్ళు కొందరే ఉంటారని.

కాబట్టి ఒకటిన్నర రెట్లు అంటే నాకు అభ్యంతరం లేదు. ఆ డబ్బు ఖాళీగా వెళ్ళిన బస్సుకి పోతోంది, అటు వెళ్ళిన నాకు రూ.399కి సీటు దొరకడానికి పోతోంది. తెలంగాణ ఆర్టీసీ 2003 నాటి ప్రభుత్వ ఉత్తర్వుని చూపించి పండగ స్పెషల్ బస్సులకి మాత్రం 50 శాతం దాకా అదనంగా తీసుకునేది ఈ కారణంతోనే, తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా వస్తుందని. మన ఏపీఎస్‌ఆర్‌టీసీ కూడా ఇదివరకు అలాగే తీసుకునేది. ఈమధ్య కొన్నేళ్ళు స్పెషల్ బస్సుల్ని మామూలు ఛార్జీలకే నడిపింది. ప్రయాణికుడిగా సంతోషమే. కానీ ఆ ఖాళీ బస్సు ఖర్చు ఎక్కడికీ పోదు. మచిలీపట్నం నుంచి రోజూ వచ్చే ఉద్యోగి టికెట్టు మీదో, పల్లెవెలుగు బస్సుకి కొనాల్సిన కొత్త టైరు మీదో పడుతుంది. నన్నడిగితే ఆర్టీసీ పాతిక శాతమైనా తీసుకుని ఆ డబ్బుతో ఇంకో వంద బస్సులు వేస్తే మంచిదంటాను. మా ఇంట్లోనే ఈ మాట ఎవరికీ నచ్చలేదు.

ఒకటిన్నర దాటాక వసూలు చేసేదాని మాటేమిటి? డిమాండు పెరిగితే రేటు పెరగాలి అనేవాళ్ళ వాదనలో ఒక బలమైన మాట ఉంది. రేటు పెరిగితే సరఫరా పెరుగుతుంది అంటారు. కొన్నిచోట్ల ముమ్మాటికీ నిజం. కిందటి వానాకాలం బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సాయంత్రం నిలువునా తడిసిపోయి ఆటో కోసం నిలబడ్డాను. మామూలుగా సింగ్‌నగర్‌కి 120 తీసుకునేచోట 200 అడిగాడు. ఎక్కాను. అరగంట ప్రయాణం గంటా పది నిమిషాలు పట్టింది. దారిలో ఆయన అన్నాడు, "ఆరింటికే ఇంటికెళ్ళిపోదామనుకున్నానండీ. వానలో నాలుగు డబ్బులొస్తాయనే ఆగాను. అండర్ బ్రిడ్జి కింద నీళ్ళల్లో ఇంజను ఆగిపోతే మళ్ళీ మెకానిక్‌కి పెట్టాలి." ఆ 80 రూపాయలు నాకు భారం అనిపించలేదు. ఆ డబ్బు వల్ల ఒక ఆటో రోడ్డు మీద మిగిలింది. ఎవరు కష్టపడ్డారో వాళ్ళ జేబులోకే పోయింది. కేంద్రం యాప్ టాక్సీలకి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ ఆలోచన ఉంది. 2020లో మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్లు మించకూడదన్నారు, 2025లో రెండు రెట్ల దాకా ఒప్పుకున్నారు. సొంత బండి నడిపే డ్రైవరుకి ఛార్జీలో కనీసం 80 శాతం చేరాలని కూడా పెట్టారు.

అదే తూకం పండగ బస్సుకి వేసి చూడండి. రేపు రాత్రి బస్సుకి ఇవాళ రాత్రి తొమ్మిదింపావుకి రేటు పెంచితే ఎక్కణ్ణుంచి ఇంకో బస్సు వస్తుంది? ఉన్న బస్సులన్నీ అప్పటికే రోడ్డు మీద ఉన్నాయి. డ్రైవర్లు దొరకరు, ఉన్నవాళ్ళే నిద్ర చాలక కళ్ళు నులుముకుంటూ నడుపుతున్నారు. అదనపు బస్సులు రావాలంటే ఆ నిర్ణయం డిసెంబరులో జరగాలి. బెంగళూరు రూట్లోదో, స్కూళ్ళకి తిరిగేదో తెచ్చి, స్పెషల్ పర్మిట్ తీసుకుని, డ్రైవర్లని మాట్లాడుకోవాలి. పండగ రోజుల్లో ఒకటిన్నర రెట్లని నెలన్నర ముందే ప్రకటిస్తే దాన్ని నమ్ముకుని ఎవరైనా బస్సు తెస్తారు. చివరి రాత్రి పెరిగే రేటు బస్సుని తీసుకురాదు. ఉన్న సీట్లో ఎవరు కూర్చోవాలో తేలుస్తుంది, అంతే. అది ఎలా తేలుస్తుందో మా ఇంట్లో చూశాం. అవసరం ఎక్కువ ఉన్న పిల్ల హాస్టల్లో మిగిలింది. తండ్రి జేబులో కాస్త డబ్బున్న పిల్ల ఇంటికొచ్చింది.

ఇక్కడ ఎదుటివాళ్ళ మాట ఒకటి నిజాయితీగా ఒప్పుకోవాలి. రేటుతో కాకపోతే దేనితో పంచుతారు? క్యూతో. క్యూ కూడా ఉచితం కాదు. పెళ్ళైన కొత్తలో మేం తిరుపతి వెళ్ళాలని విజయవాడ స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్ దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి నిలబడ్డాను. నా ముందు పదకొండు మంది. కిటికీ తెరిచేది ఎనిమిదింటికి. తువ్వాళ్ళు, చెప్పులు పెట్టి వరసలో చోటు ఆపుకున్నవాళ్ళున్నారు. కూలికి నిలబడ్డవాళ్ళున్నారు. నా వంతు వచ్చేసరికి వెయిటింగ్ లిస్టు. ఆ రోజు నేను సెలవు పెట్టగలిగాను కాబట్టి నిలబడ్డాను, రోజుకూలీ అయితే ఒక రోజు కూలి పోగొట్టుకుని నిలబడాలి. తత్కాల్‌లో కూడా అంతే. అదనపు ఛార్జీ అందరికీ ఒకటే, స్లీపరుకి 200 మించదు, ముందే తెలుసు. కానీ ఏసీకి పదింటికి, స్లీపరుకి పదకొండింటికి తెరిచిన కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఏజెంట్ల సాఫ్ట్‌వేర్ ముందు మన వేళ్ళు ఏపాటి? 2025 జూలై నుంచి ఆధార్ తప్పనిసరి చేసి, మొదటి అరగంట ఏజెంట్లని ఆపాల్సి వచ్చిందంటే ఆ బాధ ఎంత ముదిరిందో తెలుస్తుంది. ధరని తొక్కిపెడితే అది చచ్చిపోదు, బ్రోకరు చేతిలోకి పోతుంది.

రద్దీ వేళకి ఎక్కువ, ఖాళీ వేళకి తక్కువ అనే ఆలోచనని గట్టిగా చెప్పినవాడు ఆర్థికవేత్త విలియం వికరీ. 1952లోనే న్యూయార్క్ సబ్‌వే రైళ్ళకి వేళనిబట్టి, దూరాన్నిబట్టి ఛార్జీ పెట్టమన్నాడు. అప్పుడు ఎవరూ వినలేదు. 1996లో నోబెల్ బహుమతి ప్రకటించిన మూడు రోజులకే పోయాడు. ఆయన చెప్పినదాంట్లో ఒక మాట నాకు నచ్చుతుంది. రైళ్ళెన్ని కొనాలో నిర్ణయించేది రద్దీ గంటలో ఎక్కేవాడు, కాబట్టి ఆ ఖర్చులో వాడి వాటా ఎక్కువ. సంక్రాంతి వారం కోసమే బస్సులు కొంటే మిగతా 51 వారాలు అవి షెడ్డులో నిలబడాలి. ఇందులో కాదనేదేం లేదు. హైదరాబాద్ మెట్రో కూడా 2023లో పొద్దున్న ఎనిమిదిలోపు, రాత్రి ఎనిమిది దాటాక ఎక్కేవాళ్ళకి పది శాతం తగ్గించి చూసింది. అది వేళ మార్చుకోగలిగినవాడికి చేసిన సాయం. ఆఫీసుకి తొమ్మిదింటికి బదులు ఎనిమిదింటికి వెళ్ళొచ్చు. భోగి మంట మాత్రం భోగినాడే వెయ్యాలి.

సింగపూర్ 1975 నుంచే నగరం నడిబొడ్డుకి కార్లు రావడానికి డబ్బు తీసుకుంటోంది. 1998లో దాన్ని ఎలక్ట్రానిక్ చేశారు. వేళనిబట్టి రేటు మారుతుంది, కానీ ఏ గంటకి ఎంతో ముందే తెలుసు, దారిమీద గేటు పైన కనపడుతుంది. మూడు నెలలకోసారి సమీక్షించి మారుస్తారు. మారే రేటుకీ ముందుగా చెప్పడానికీ పడదనే మాట అబద్ధమని దాన్ని చూస్తే తెలుస్తుంది. పైగా అక్కడ కారు వద్దనుకున్నవాడికి బస్సు ఉంది.

మన దేశంలో పెద్ద ఎత్తున జరిగిన ప్రయోగం రైల్వే వాళ్ళది. 2016 సెప్టెంబరు 9 నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళలో ఫ్లెక్సీ ఛార్జీలు పెట్టారు. పది శాతం సీట్లు అమ్ముడైన కొద్దీ రేటు పది శాతం పెరుగుతూ, ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగేది. రాబడి పెరిగింది. ప్రయాణికులు తగ్గారు. ఆ సంగతి ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో ఎత్తి చూపింది. 2018 చివర్లో సగం కూడా నిండని 15 రైళ్ళలో ఆ పద్ధతిని తీసేసి, మిగతా చోట్ల పరిమితిని 1.4 రెట్లకి దించారు. నాకు ఇందులో బాధనిపించేది వేరే సంగతి. ప్రైవేటు బస్సు లాభం కోసం నడుస్తుంది. మరి రైలు? బెర్తు ఖాళీగా పోయినా ఫరవాలేదు, డబ్బు ఎక్కువ వస్తే చాలు అని జనం సొమ్ముతో వేసిన పట్టాల మీద లెక్కేయడం సరికాదు. ఖాళీ బెర్తు దగ్గర రేటు పడిపోవాలి కదా. అక్కడ మొదట్లో ఎక్కడానికే మెట్లుండేవి, దిగడానికి లేవు.

న్యాయం అనేది లెక్కల్లో ఇమడదు, మనసులో ఉండే చాదస్తం అని కొందరంటారు. 1986లో అచ్చయిన ఒక పరిశోధన కోసం కానేమన్, నెచ్, థేలర్ అని ముగ్గురు కెనడాలో జనాన్ని ఫోన్లలో అడిగారు. మంచు తోసే పార రోజూ 15 డాలర్లకి అమ్మే కొట్టువాడు, పెద్ద మంచు తుపాను పడిన మర్నాడు 20 చేశాడు, ఇది న్యాయమేనా అని. నూటికి 82 మంది అన్యాయం అన్నారు. మనం మంచు చూడలేదు గానీ నీళ్ళు చూశాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్క వాళ్ళు రెండో అంతస్తులో రెండు రాత్రులు చిక్కుకుపోయారు. బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతున్న రోజులు. ప్రభుత్వ పడవలు పెద్ద రోడ్లలో తిరుగుతున్నాయి, లోపలి సందుల్లోకి రాలేకపోయాయి. ప్రైవేటు పడవ ఒకటి వచ్చింది. మనిషికి మూడు వేలు అడిగాడు. మా బావగారు షుగర్ పేషెంటు, ఇన్సులిన్ అయిపోయింది. ఇచ్చారు. అదే సందులో ఒక కుర్రాడు ట్రాక్టర్ ట్యూబు మీద చెక్క కట్టుకుని పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు ఊరికే పంచుతూ తిరిగాడట. అక్క ఇప్పటికీ ఆ ఇద్దరి గురించీ ఒకే ఊపిరిలో చెప్తుంది. పడవవాడు కూడా ప్రాణాలకి తెగించే వచ్చాడు, అతనికి వెయ్యి ఇచ్చినా తక్కువే అంటుంది. కానీ ఆ మూడు వేలు అడిగిన తీరు మర్చిపోలేనంటుంది. "లేకపోతే ఉండండి" అన్నాడట.

నాకు ఫోన్ తెరమీద రూ.2,350 చూసినప్పుడు ఆ మాటే వినపడింది.

వరదకీ పండక్కీ పోలిక ఏంటని అడగొచ్చు. ప్రాణం మీదకి వచ్చిన వరద వేరు, పండగ వేరు, ఒప్పుకుంటాను. అయితే రెండుచోట్లా ఎదుటివాడికి పక్కకి తప్పుకునే దారి లేదని తెలిసే రేటు చెప్తున్నారు. దానికి పరిమితి కావాలి. చట్టం ఆ అధికారాన్ని ఇచ్చే ఉంచింది. 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ ప్రకారం స్టాపు స్టాపుకీ ఎక్కించుకునే స్టేజి క్యారేజీలకే కాదు, ప్రైవేటు ట్రావెల్స్ తిప్పే కాంట్రాక్ట్ క్యారేజీలకి కూడా గరిష్ఠ, కనిష్ఠ ఛార్జీలు నిర్ణయించవచ్చు. మహారాష్ట్ర 2018లో ఆ పని చేసింది. అక్కడి ఆర్టీసీ అదే తరగతి బస్సుకి తీసుకునే ఛార్జీకి ఒకటిన్నర రెట్లు మించి ప్రైవేటు బస్సులు తీసుకోకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మనకి హైదరాబాద్, విజయవాడ మధ్య రెండు రాష్ట్రాల బస్సులు తిరుగుతాయి, రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవాలి. పండగకి పండగకి చెక్‌పోస్టుల దగ్గర నాలుగు బస్సుల మీద కేసులు రాసి ఫోటోలు దిగడం కంటే అది తేలిక.

పరిమితి పెడితే బస్సులు తిప్పరు అంటారా? పైన లెక్క మళ్ళీ చూడండి, ఒకటిన్నర దగ్గర నష్టం లేదు. ఆషాఢం నష్టాలు ఎలా పూడ్చుకోవాలి అంటారా? అది న్యాయమైన ప్రశ్నే, మా ఓనరు తల పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆషాఢంలో తగ్గించి అమ్ముకోనివ్వండి, ఎంత తగ్గించినా అడ్డు చెప్పేవాళ్ళు లేరు. శని, ఆదివారాలకి కాస్త ఎక్కువ పెట్టుకోండి, ఎవరి ప్రయాణం వాళ్ళు జరుపుకుంటారు. ఏడాది నష్టమంతా మూడు రాత్రుల్లో, అదీ ఆఖర్న టికెట్టు కొన్న పదిమంది మీద వేయడాన్నే నేను ఒప్పుకోలేను. ఆఖర్న కొనేది ఎక్కువగా ఎవరు? సెలవు ఇస్తారో ఇవ్వరో చివరిదాకా తెలియని సెక్యూరిటీ గార్డు, బట్టల షాపులో పనిచేసే అమ్మాయి. నెల ముందు సెలవు ఖాయమయ్యే ఉద్యోగి ఎప్పుడో చవగ్గా కొనేసుకుంటాడు.

ఇంకో చిన్న కోరిక. ఒకసారి చూపించిన రేటు పావుగంటైనా నిలబడాలి. కౌంటర్లో ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి "ఇంట్లో అడిగి వస్తానండీ" అంటే చార్టులో పెన్సిల్‌తో చుక్క పెట్టేవాణ్ణి. అరగంట ఆ సీటు వాళ్ళది, చెప్పిన రేటుకే. మా ఓనరు డబ్బు మనిషే, అయినా ఆ చుక్కని ఎప్పుడూ చెరపమనలేదు. ఇంట్లో అడిగి రావడానికి మనిషికి కాస్త టైము పడుతుందని ఆయనకి తెలుసు. కంప్యూటర్లో ఆ చుక్క పెట్టడం కష్టమేం కాదు. కొనేవాడు పేరు, వయసు కొట్టేటంతసేపు సీటు ఆపుతున్నారు కదా, రేటు కూడా ఆపొచ్చు.

కనుమ మర్నాడు మా అమ్మాయి తిరిగి వెళ్ళింది. ఈసారి ఇటునుంచి అటు జనం, రేటు అటు పెరిగింది. ఆర్టీసీ స్పెషల్లో మామూలు ఛార్జీకే సీటు దొరికింది, నెహ్రూ బస్టాండులో నేనే ఎక్కించి వచ్చాను. మా ఆవిడ అరిసెలు, జంతికలు రెండు డబ్బాలు కట్టింది. ఒకదాని మీద ఆ రెండో అమ్మాయి పేరు రాసింది.